మేలు జరిగినదని తెలియుటెట్లు?



చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయము మీలో పలువు రెరిగినదే. ఆ పరిసరములందును, ప్రక్కనున్న అశోక్‌నగరు సందులందును జిల్లాలనుండి వచ్చి, గదు లద్దెకు దీసికొని, గ్రూపు పరీక్షలకు చదువుచున్న యువతులు ఎందరో కలరు. వారి నోటుపుస్తకములు విప్పి చూచినచో ప్రభుత్వ పథకముల పట్టికలు పుటలకు పుటలు కనుపించును. పథకము పేరు, ఆరంభించిన తేది, ఏ శాఖది, ఎంత సొమ్ము కేటాయించిరి, ఎవ రర్హులు. అన్నియు వారికి కంఠస్థమే. కాని యా పట్టికలో ఒక్క గడి మాత్ర ముండదు. ఆ పథకమువలన ఎవరికేమి మేలు కలిగెను, ఆ మేలు దానివలననే కలిగినదని యెట్లు తెలిసెను అను గడి యది.

ఆ గడిని నింపు విద్యను గూర్చి వ్రాయుడని అశోక్‌నగరు సోదరి యొకరు మమ్మడిగిరి. ఇంగ్లీషువారు దీనిని మానిటరింగు, ఎవాల్యుయేషను అని జంటగా పిలుతురు. మనవారు పర్యవేక్షణము, మూల్యాంకనము అనుచున్నారు. ఇది కచేరీలలోనివారి పని కదా, ఇల్లాండ్ర కేల యని కొంద రనుకొనవచ్చును. నేడు పథకములలో పెక్కు స్త్రీల పేరిటనే నడచుచున్నవి. పొదుపు సంఘము మనది. అంగన్‌వాడీ మన బిడ్డలది. గ్యాసు కనెక్షను మన పేరిటిది. మన పేరిట ఎవరో వ్రాయు లెక్కను మనము చదువలేకుండుట మాకు సమంజసముగా తోచలేదు.

మొదట ఆ రెండు మాటల భేదము చూతము. ఒక బిడ్డకు దినమునకు గ్లాసెడు పాలు పోయవలెనని మీరు నిశ్చయించుకొంటి రనుకొనుడు. పాలు వేళకు వచ్చినవా, కాచితిరా, బిడ్డ త్రాగెనా, పిల్లి త్రాగెనా యని దినదినము చూచుకొనుట పర్యవేక్షణము. ఆరు నెలలు గడచిన తరువాత బిడ్డ పుష్టిపడెనా యని చూచుట మూల్యాంకనము. ఇంతవరకు సులభమే. చిక్కు అటుపిమ్మట నున్నది. పాలు త్రాగకున్నను బిడ్డ ఆరు నెలలలో కొంత యెదుగును కదా! ఆ యెదుగుదలలో పాల వంతెంత, వయస్సు వంతెంత? పాలు పోసినవారు అంతయు తమ పాల చలువయే యందురు. 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకమున బిడ్డను ఊరక తూచి విడువక, ఆ వయస్సు బిడ్డ ఎంత తూగవలెనో చూపు గీతతో పోల్చి చూచుట ఇందులకే. మేము చూచినంతలో ఈ శాస్త్రమంతయు ఈ యొక్క ప్రశ్న చుట్టునే తిరుగుచున్నది: ఇది జరుగకపోయి యుండిన యెడల ఏమై యుండెడిది?

ఈ ప్రశ్న వినుటకు చిన్నది. సమాధానము మాత్రము తేలికగా దొరకదు. నారాయణగూడలో మనము నిత్యము చూచు నుదాహరణమునే తీసికొందము. 2023 డిసెంబరు 9వ తేదీన తెలంగాణలో స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము ఆరంభమైనది. బస్సెక్కిన స్త్రీకి కండక్టరు డబ్బు పుచ్చుకొనకపోయినను ఒక టికెట్టు కొట్టి యిచ్చును. దానినే జనులు జీరో టికెట్టు అనుచున్నారు. ఎందరు స్త్రీలు ప్రయాణము చేసిరో ఆ టికెట్లవలన తెలియును. పర్యవేక్షణమున కది చక్కని సాధనము. కాని యా టికెట్టు చేతబట్టుకొన్న స్త్రీ యెక్కడికి పోవుచున్నదో, నిరుడు పోలేని చోటికి నేడు పోవుచున్నదో, లేక నిరుడు డబ్బిచ్చి పోయిన చోటికే నేడు ఉచితముగా పోవుచున్నదో టికెట్టు చెప్పదు. పని దొరకినదా, ఆస్పత్రికి వేళకు పోగలిగినదా, మిగిలిన చార్జీ డబ్బు ఎవరి చేతిలో మిగిలినది? ఇవి అడిగి తెలిసికొనవలసినవే.

ఇందొక యిబ్బంది గూడ కలదు. రాష్ట్రములోని స్త్రీలందరికిని ఒక్క దినముననే యిచ్చిరి గనుక, ఈయబడనివారితో పోల్చి చూచుటకు రాష్ట్రములో స్త్రీ యెవరును మిగులలేదు. అట్టి యెడ మునుపటి సంవత్సరముతో పోల్చవచ్చును. లేదా అదే దారిలో డబ్బిచ్చి పోవు పురుషుల ప్రయాణములతో పోల్చవచ్చును. బస్సులు అరుదుగా నడచు పల్లెలకును, తరచుగా నడచు పేటలకును గల భేదము చూడవచ్చును. ఏదియు పూర్తిగా తృప్తి నీయదు. ఏమియు పోల్చకుండ టికెట్ల సంఖ్యనే మేలని చెప్పుటకంటె నయము, అంతే.

చిన్న పనికిని ఇదే న్యాయము. ఒక పేటలోని మహిళాసమాజమువారు ఇరువది కుట్టుమిషనులు పంచిరనుకొందము. దండలు, ఫొటోలు, పత్రికలో వార్త. సంవత్సరాంతపు నివేదికలో ఇరువది కుటుంబములకు జీవనోపాధి కల్పించితిమని వ్రాసిరి. వారు చేసినది మిషనులు పంచుట మాత్రమే. జీవనోపాధి యనునది నాలుగైదు మెట్ల పైనున్నది. మిషను ఇంటిలో నిలిచి యుండవలెను, అది తాకట్టు కొట్టు చేరగూడదు. ఆమెకు జాకెట్టు కత్తిరించుట రావలెను. ప్రక్కయింటివారు గుడ్డ తెచ్చి యీయవలెను. కుట్టుకూలి చేతికి రావలెను. వచ్చిన కూలి ఆమె చేతిలో నిలువవలెను. ఏ మెట్టు విరిగినను పైది యందదు. కావున పంచుటకు ముందే ఆ యిరువదిమంది యిండ్లకు పోయి, ఇప్పుడేమి సంపాదించుచున్నారు, ఎవరు ఖర్చు పెట్టుచున్నారు, కుట్టుట ఎంతవరకు వచ్చును అని వ్రాసి పెట్టుకొనవలెను. దీనినే మొదటి లెక్క యందుము. మొదటి లెక్క లేని చివరి లెక్క, బరువు తెలియని గిన్నెతో నెయ్యి తూచుటవంటిది. దరఖాస్తులు నలువది వచ్చి, మిషనులు ఇరువదియే యున్నచో అది యొక విధముగా అదృష్టమే. చీట్లు వేసి యిరువదిమందికి ఈ యేడు, తక్కినవారికి వచ్చే యేడు అని యేర్పాటు చేసి, ఇరుపక్షముల లెక్కయు వ్రాసినచో పోల్చిచూచుటకు జట్టు దానంతట నదే దొరకినది. తెలిసినవారికిచ్చితిరను నింద గూడ తప్పును.

ఈ విద్య మన దేశమునకు క్రొత్తది కాదు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ఆరంభమైనప్పుడు, ఆ యేడే దానిని వేరుగా నుండి పరిశీలించుటకు ప్రణాళికాసంఘమున నొక మూల్యాంకన సంస్థను నెలకొల్పిరి. పని చేయువారొకరు, చూచి చెప్పువారొకరు కావలెనను వివేకము అందు కలదు. రాజమండ్రిలో పుట్టిన మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు ఆ సంఘములో సభ్యురాలుగా నుండి, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డునకు మొదటి అధ్యక్షురాలైరి. 1957లో బల్వంతరాయ్ మెహతా అధ్యక్షతను గల బృందము సమాజ వికాస పథకమును పరిశీలించి, ప్రజలు దానిని తమదిగా భావించుట లేదని తేల్చెను. ఆ పరిశీలన ఫలితముగానే పంచాయతీరాజ్యము వచ్చినది. ఆంధ్రప్రదేశమున దాని ప్రారంభోత్సవము 1959లో షాద్‌నగరున జరిగెను. నివేదిక బీరువాలో పడి యుండక పని చేసిన సందర్భములలో అది యొకటి.

మన నగరముననే జరిగిన యొక పరీక్షను ఇపుడు కొంత విపులముగా చెప్పెదము. 2005 ప్రాంతమున చిన్న యప్పుల సంస్థలు హైదరాబాదు బస్తీలలో విస్తరించుచుండెను. ఆరుగురు మొదలు పదిమంది వరకు స్త్రీలొక జట్టుగా చేరుదురు. ఒకరి కొకరు పూచీ. స్పందన యను సంస్థ యిచ్చు మొదటి యప్పు సాధారణముగా 10,000 రూపాయలు. దానిని 50 వారములలో వారమువారము తీర్చవలెను. పేద స్త్రీకి పెట్టుబడి దొరకినచో వ్యాపారము పెట్టును, రాబడి పెరుగును, పిల్లలు బడికి పోవుదురు, ఇంట నామె మాట చెల్లును అని యొక పక్షమువారు. అప్పు సులభముగా పుట్టినకొలది సంసారము మునుగును, సొమ్మంతయు సోకులకు పోవును అని వేరొక పక్షమువారు. ఉభయులకును చెప్పుకొనుటకు కథలు కావలసినన్ని యుండెను.

అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, రేచెల్ గ్లెనర్‌స్టర్, సింథియా కిన్నన్ అను అర్థశాస్త్రజ్ఞులు స్పందనవారి సమ్మతితో 104 బస్తీల నెంచి, చీట్లు తీసినట్లుగా వానిలో 52 బస్తీలను వేరుచేసిరి. సంస్థ మొదట వానియందే శాఖలు తెరచినది. తక్కిన 52 బస్తీలను అప్పటికి విడిచిపెట్టెను. చీట్లేల యని మీరడుగవచ్చును. సంస్థ తానుగా నెన్నుకొన్న యెడల బాగుపడు సూచనలున్న బస్తీలనే యెన్నుకొనును. రెండేండ్లకు అవి బాగుపడును. అంతయు మా యప్పు మహిమ యనును. చీటికి అట్టి చూపు లేదు. రెండు వైపులకును ఒకే తీరు బస్తీలు పడును గనుక, పిమ్మట కనుపించు భేదము అప్పువలన వచ్చినదని నమ్మవచ్చును.

శాఖలు తెరచిన 15 మొదలు 18 నెలలకు 6,800కు పైగా కుటుంబములను పరిశీలకులు అడిగిరి. మరల రెండేండ్లకు ఆ కుటుంబములనే వెదకి పట్టుకొని యడిగిరి. శాఖ తెరచిన బస్తీలలో చిన్న యప్పుల సంస్థలనుండి అప్పు తీసికొన్న కుటుంబములు నూటికి సుమారు 27, తెరువనిచోట వేరే సంస్థలనుండి తీసికొన్నవి నూటికి సుమారు 18. అనగా గుమ్మములోనికి అప్పు వచ్చినను నూటికి డెబ్బదికి పైబడిన కుటుంబములు దానిని ముట్టలేదు. ఇది మాకు మిక్కిలి నచ్చిన విషయము. పేద యిల్లాలు అప్పనగానే చేయి చాపునని తలచువారు దీనిని చదువవలెను. ఇంటి ఖర్చు సగటున పెరుగలేదు. మన్నికగల వస్తువులమీది ఖర్చు పెరిగినది. బయటి తిండి, టీ, పొగాకు, మద్యము వంటివానిపై ఖర్చు తగ్గినది. అంతకుముందే వ్యాపారము గలవారిలో బాగుగా నడచుచున్న కొందరికి లాభములు పెరిగినవి. పిల్లల చదువు, ఇంటిల్లిపాది యారోగ్యము, ఇంట స్త్రీ మాటకుగల విలువ, వీనిలో నేదియు మారినట్లు కానరాలేదు. 2015లో ఈ ఫలితములు పూర్తిగా ప్రకటింపబడినవి. బెనర్జీ, డుఫ్లోలకు మైకేల్ క్రెమర్‌తో గూడ 2019లో అర్థశాస్త్రమున నోబెలు బహుమాన మొసగబడినది. పేదరికమును ఇట్టి పరీక్షలతో పరిశోధించినందులకే ఆ బహుమానము.

అద్భుతము జరుగును అన్నవారికిని, అనర్థము జరుగును అన్నవారికిని ఇందు సంతోషము కలుగలేదు. స్త్రీ పేరిట కాగితము వ్రాసినంతమాత్రమున ఇంటి పెత్తనము స్త్రీ చేతికి రాదని మనలో ప్రతివారికిని తెలియును. తెలిసిన సంగతికి లెక్క దొరకుట వేరు. లెక్క దొరకిన తరువాత సభలో ఎవరును దానిని త్రోసిపుచ్చలేరు.

అయినను ఆ లెక్క మాత్రమే చదివి యూరకున్నవారు 2010లో జరిగినదానిని అర్థముచేసికొనలేకపోయిరి. ఒకే యింటికి అనేక సంస్థల యప్పులు, వసూలుకు వచ్చువారి యొత్తిడి, ఆత్మహత్యలను గూర్చిన వార్తలు పత్రికల నిండెను. ఆ యేడు అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి ఆ సంస్థల వసూళ్లను గట్టిగా కట్టడి చేసినది. పరీక్షయేమో సగటున పెద్ద మేలు లేదు, పెద్ద కీడు లేదు అని చెప్పెను. వార్తలు కూలిన కుటుంబములను చూపెను. రెండును అబద్ధములు కావు. వేయి యిండ్ల సగటులో కూలిపోయిన యొక యిల్లు కనుపింపదు. అందుచే మంచి మూల్యాంకనము చేయువారు సగటు చెప్పి యాగక, అట్టడుగున నున్నవారి కేమాయెనని వేరుగా చూతురు. ఏడాది కొకసారి కొలుచుట చాలక, వారమువారము వచ్చు ఫిర్యాదులు వినుటకొక దారి యుంచుదురు. పర్యవేక్షణమునకును మూల్యాంకనమునకును గల పొత్తు ఇక్కడ తెలియుచున్నది. ఆ దారి లేనిచోట ఇల్లు కూలినదను మాట ఆలస్యముగా తెలియును.

అందరిని అడుగనక్కరలేదా? అక్కరలేదు. అన్న ముడికినదో లేదో చూచుటకు కుండనంతయు పిసుకము. ఒక్క మెతుకు పట్టి చూతుము. కాని ఏ యిల్లాలును పైమెతుకు మాత్రమే పట్టి చూడదు. గరిటెతో అడుగునుండి కలిపి పట్టును. మాడునది అడుగు, పలుకుగా నుండునది పైభాగము. పరిశీలకులు చేయు పొరపాటు సాధారణముగా ఇదియే. రోడ్డు ప్రక్క యిండ్లు, కుర్చీ వేసి కూర్చుండబెట్టు నిండ్లు, అధ్యక్షురాలు చూపిన యిండ్లు చూచి పోవుదురు. మూలనున్న గుడిసె, పగలంతయు పనికి పోవు స్త్రీ వారి కందరు. జాబితాలోని పేర్లలో చీట్లు తీసి, తీసిన పేరు దొరకువరకు పోవుటయే దీనికి మందు. ఆమె సాయంకాలము దొరకినచో సాయంకాలమే పోవలెను.

పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ అను పరిశోధన సంస్థవారు 1975 మొదలు మహబూబ్‌నగరు జిల్లాలోని ఔరేపల్లి, డోకూరు గ్రామములందు వేరొక పద్ధతి నవలంబించిరి. పరిశీలకుని ఆ యూరనే కాపుర ముంచి, ఆ కుటుంబములనే మరల మరల అడుగుచు ఏండ్ల తరబడి లెక్క వ్రాసిరి. ఒక్కనాడు జీపులో వచ్చి పోవువానికి చెప్పని మాటలు, ఊరిలో నున్నవానికి చెప్పుదురు. ఆ సంస్థలో పనిచేసిన జోధా యను శాస్త్రజ్ఞుడు రాజస్థానములోని రెండు గ్రామములను ఏండ్ల యెడముతో చూచి 1988లో వ్రాసిన వ్యాస మొకటి ప్రసిద్ధము. రూపాయల లెక్కలో వెనుకబడిన కుటుంబములే తమ యెన్నికలో ముందునకు వచ్చితిమని చెప్పిరట. పెద్దకాపు నింట కట్టుబడి యుండవలసిన యగత్యము తగ్గెను, కాళ్లకు చెప్పులు వచ్చెను. ఇవి వారి కొలతలు. మేలు అనగా నేమో ముందు ఆ మేలు పొందవలసినవారినే అడుగవలెనని దీనివలన తెలియుచున్నది.

అడుగుటలోను నేర్పు కలదు. సంఘమువలన మీకు మేలు కలిగినదా యని యడిగినచో కలిగినదమ్మా యనియే చెప్పుదురు. లేదన్నచో వచ్చే యేడు పేరు తీసివేయుదురేమో యని వారి భయము. నిన్న రాత్రి ఏమి వండితిరి, క్రిందటి శుక్రవారము సంతకు ఎవరు పోయిరి, మొన్న జ్వరము వచ్చినపుడు డబ్బెక్కడిది అని జరిగినదానిని అడుగవలెను. అత్తగారు ప్రక్కనుండగా కోడలిని కూలి డబ్బెవరిదని అడుగగూడదు. మిషను ఇచ్చినవారే వచ్చి మిషనెట్లున్నదని అడుగుట అసలే పనికిరాదు. ఇవన్నియు శిక్షణాలయములలో నేర్పుదురు. పెండ్లిచూపులకు పోయి, ఎదుటి యింటివారి స్థితిగతులను నాలుగు మాటలలో రాబట్టుకొని వచ్చు మన పెద్దమ్మలకు ఎవరును నేర్పనక్కరలేదు.

ఇంతవరకు చెప్పినది చదువుకొన్నవారు వచ్చి పేదవారిని పరిశీలించుట. దానికి తలక్రిందులైన పద్ధతి మన రాష్ట్రమున పెద్దయెత్తున సాగినది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో గ్రామీణ ఉపాధి హామీ పథకము ఆరంభింపబడినది. ఆ చట్టములోనే సామాజిక తనిఖీ జరుగవలెనని యున్నది. రాజస్థానములో కూలివారి సంఘమువారు 1994 మొదలు ఊరి చావడిలో లెక్కలు బిగ్గరగా చదివించి నిజానిజములు తేల్చిన పద్ధతి దీనికి మాతృక. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2009లో ఇందుకై వేరుగా నొక సంస్థనే యేర్పరచినది. కూలి కుటుంబములలోని చదువుకొన్న యువతీయువకులకు కొద్దిదినములు తరిఫీదిచ్చి, హాజరుపట్టీలను వారి చేతికిత్తురు. వారు ఇంటింటికి పోయి, ఫలాని వారము నీవు పనికి పోయితివా, నీ పేరిట ఇన్ని రూపాయలు వ్రాసియున్నవి, ముట్టినవా యని అడుగుదురు. పిదప మండల కేంద్రమున అందరి యెదుటను చదువుదురు. చనిపోయినవారి పేరిట కూలి వ్రాసినచో అక్కడనే బయటపడును. అక్షరమురాని కూలి స్త్రీ అధికారి యెదుట నిలిచి, ఆ వేలిముద్ర నాది కాదని చెప్పుటకు ఇందు చోటున్నది. బయటపడిన సొమ్మంతయు తిరిగి వచ్చుటమాత్రము వేరు సంగతి. కనుగొనుటలో చూపిన చురుకు రాబట్టుటలో చూపరను విమర్శ మొదటినుండియు కలదు. అది న్యాయమైనదే.

ఆ పథకపు కూలియు, వృద్ధుల పింఛనులును వేలిముద్ర కార్డులమీద చెల్లించు పద్ధతిని 2010 మొదలు 2012 వరకు ఎనిమిది జిల్లాలలోని 157 మండలములలో పరీక్షించిరి. ఏ మండలమునకు ముందు, ఏ మండలమునకు వెనుక యనునది ఇక్కడను చీట్ల ప్రకారమే. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ అనువారు ఫలితములు చూచిరి. కూలి త్వరగా చేరినది, నడుమ జారిపోవు సొమ్ము తగ్గినది, పుచ్చుకొనువారిలో నూటికి 90 మందికి పైగా క్రొత్త పద్ధతియే మేలనిరి. విచిత్రమేమనగా, 2013లో గూడ ఈ కార్డుల నుంచుటయా మానుటయా యని ప్రభుత్వములో సంశయ ముండెను. అసౌకర్యము కలిగినవాని గొంతు కచేరీకి వినబడును. సుఖముగా పింఛను పుచ్చుకొని యింటికి పోయిన ముసలమ్మ గొంతు వినబడదు. అడిగినగాని ఆమె చెప్పదు.

ముందుగా గీసికొన్న గడులలో పట్టని ఫలము లుండుననుటకు మన స్త్రీలదే గొప్ప నిదర్శనము. 1991లో నెల్లూరు జిల్లాలో వయోజన విద్యోద్యమము నడచినది. దానిని కొలుచువారి గడులు ఏవి? ఎందరు చేరిరి, ఎందరు తమ పేరు వ్రాయనేర్చిరి, ఎందరు వాచకము ముగించిరి. ఆ రాత్రి బడులలో గుమిగూడిన స్త్రీలు వాచకములోని సారాయి పాఠమును చర్చించుకొనుచు, మన యూర నేల ఇట్లు చేయగూడదనుకొనిరి. దూబగుంట స్త్రీలు సారాయి దుకాణమును మూయించిరి. ఆ కబురు ఊరూరికి ప్రాకినది. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతట మ్రోగినది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారాయి నిషేధింపబడినది. చదువనేర్చినవారి సంఖ్యను మాత్రమే చూచి తిరిగి వచ్చిన పరిశీలకుడు ఆ నివేదికలో సారాయి యను మాటయే వ్రాసి యుండడు. అతని తప్పు కాదు, అతని కాగితములో ఆ గడి లేదు. అందుచేతనే ప్రశ్నల చివర, మేమడుగని దేమైన నున్నదా యను నొక ఖాళీ తప్పక యుంచవలెను. ఆ ఖాళీలో మాకు సాధారణముగా తక్కిన కాగితమంతటికంటె నెక్కువ దొరకినది.

కాలమును గూర్చి గూడ నొక మాట. మాడపాటి హనుమంతరావుగారు 1928లో తెలుగు మాధ్యమముగా నెలకొల్పిన బాలికల పాఠశాల తరువాత నారాయణగూడలో నిలిచి యున్నది. ఉర్దూయే బోధనభాషగా నుండిన నగరమున, ఆడపిల్లలను తెలుగులో చదివించుట సాహసమే. మొదటి రెండేండ్ల చివర ఎవరైన లెక్క చూచియున్నచో, ఇంత శ్రమకు ఇంతమందియేనా యని యుండెడివారు. అందు చదివిన బాలికల బిడ్డలు, వారి బిడ్డలు చదివిన చదువు ఏ గడిలో వ్రాయవలెను? కొన్ని పనులను తొందరపడి కొలువగూడదు. ఇట్లని తమ పని నెవరును కొలువగూడదనువారి మాట గూడ మేము వినము. మిషనులు పంచినవారికి పాఠశాల యుపమానము చెల్లదు.

ఇక అశోక్‌నగరు సోదరి ప్రశ్న: ఎక్కడ నేర్వవలెను? రాజేంద్రనగరులోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ 1958లో ముస్సోరిలో మొదలై హైదరాబాదునకు తరలివచ్చినది. పథకముల పర్యవేక్షణ మూల్యాంకనములలో తరిఫీదులు అందు జరుగుచుండును. బేగంపేటలో 1980లో నెలకొనిన ఆర్థిక, సామాజిక అధ్యయన కేంద్రమున ఇట్టి పరిశీలనలు పలుమార్లు జరిగినవి. వారి నివేదికలు చదువుట మంచి పాఠము. సర్వేలు చేయు సంస్థలు ఇంటింటికి పోయి యడుగుటకు స్త్రీలను తీసికొనుచుందురు. ఆ పని కొన్ని నెలలు చేసినచో తరగతిలో రాని యెరుక వచ్చును. గణితమునకు భయపడవలదు. సగటు, శాతము, చీట్లు తీయుట, రెండు జట్లను పోల్చుట ఈ నాలుగును పదవతరగతి లెక్కలతో మొదలు పెట్టవచ్చును.

అంతకు ముందే ఆరంభింపవలెనన్నచో దగ్గరి దారియున్నది. మీరు సభ్యురాలుగానున్న సమాజమో, పొదుపు సంఘమో వచ్చే నెలలో ఏదో యొకటి పంచబోవుచునే యుండును. పంచుటకు ముందు ఒక రూళ్ల పుస్తకము కొని, మొదటి పుటలో ఈ పనివలన ఏమి మారునని యనుకొనుచున్నారో ఒక్క వాక్యమున వ్రాయుడు. ఆ వాక్యమును సభలో చదివి అందరిచేతను సంతకములు చేయింపుడు. రెండవ పుటలో పుచ్చుకొనబోవువారి నేటి స్థితి వ్రాయుడు. ఆ తరువాత పుస్తకమును అధ్యక్షురాలి యింట నుంచవలదు, పంచుటతో సంబంధము లేని యొక సభ్యురాలి యింట నుంచుడు. ఆరునెలలకు విప్పి, చిక్కడపల్లివారు నారాయణగూడవారి పనిని, నారాయణగూడవారు చిక్కడపల్లివారి పనిని పోయి చూచినచో మరియు మంచిది. వ్రాసిన ఫలితములు మాకు పంపిన యెడల, మంచివైనను కాకున్నను, పేర్లు విడిచి ఈ శీర్షికలో ప్రకటింతుము. ప్రశ్నల పట్టిక వ్రాయు విధమును వచ్చు సంచికలో ముచ్చటింతుము.